పిప్పిపన్ను: నొప్పి తగ్గితే నయమైనట్టేనా?

పంటినొప్పితో నా వైద్యశాలకు వచ్చేవారు సాధారణంగా రెండు రాత్రులు నిద్ర లేక, బుగ్గన లవంగం పెట్టుకొని వస్తారు. "ముందు నొప్పి తగ్గే మందేదైనా ఇవ్వండి, పన్ను సంగతి పండగ వెళ్లాక చూసుకుంటామండీ" అంటారు. లవంగనూనె అద్దిన కొద్దిసేపటికి నొప్పి శాంతిస్తుంది. పండుగ వెళ్తుంది. నొప్పి తిరిగి రాదు కనుక పన్ను సంగతి ఎవరికీ గుర్తుండదు. మూడు నాలుగు నెలల తరువాత ఒకనాటి ఉదయం బుగ్గ ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి మళ్లీ వస్తారు. మధ్యకాలంలో నొప్పి లేకపోవుటకు కారణం పన్ను బాగుపడడం కాదు, దాని లోపలి నాడి చచ్చిపోవడం. నాడి చచ్చిన పన్ను తన బాధ చెప్పుకోలేదు. వేరు చివర చీము చేరేవరకు మౌనంగా ఉంటుంది.

దంతరోగాలను గూర్చి మన ఇండ్లలో ఉన్న చిట్కాలలో మంచివి చాలా ఉన్నవి. అయితే అవి ఎంతవరకు పనిచేస్తాయో, ఎక్కడ వాటి శక్తి ఆగిపోతుందో తెలిసి వాడుకునేవారు తక్కువ. ఆ హద్దును పాఠకులకు చూపించుటకే ఈ వ్యాసం.

క్రిమిదంతం

సుశ్రుతుడు ముఖరోగాలు అరవై ఐదు అని లెక్కచెప్పి, వాటిలో దంతమూలాలకు, అనగా చిగుళ్లకు వచ్చేవి పదిహేను, దంతాలకు వచ్చేవి ఎనిమిది అని విభజించినాడు. ఆ ఎనిమిదింటిలో ఒకటి క్రిమిదంతం. మనం పిప్పిపన్ను, పుచ్చుపన్ను అనే వ్యాధి ఇదే. పన్ను నల్లబడడం, రంధ్రం పడడం, కదలడం, స్రావం కారడం, వాపు, తీవ్రమైన నొప్పి దీని లక్షణాలు. అన్నిటికంటె గమనించదగినది, నిమిత్తం లేకుండానే నొప్పి హెచ్చుతుందని చెప్పడం. చల్లని నీరు తగిలినప్పుడో, తీపి తిన్నప్పుడో జివ్వుమనడం తొలిదశ. ఏదీ తగలకుండానే అర్ధరాత్రి పోటు లేచిందంటే వ్యాధి నాడి దాకా వెళ్లినదని అర్థం. పరికరాలు లేని కాలంలో రోగి మాటను బట్టి ఇంత సూక్ష్మంగా పట్టుకున్న ఆచార్యుని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

క్రిమి అన్న మాటను మాత్రం లోకం మరొక విధంగా అర్థం చేసుకొన్నది. నా చిన్నతనంలో కోనసీమ పల్లెలకు కొందరు స్త్రీలు "పంటిపురుగులు తీస్తామమ్మా" అని కేకవేస్తూ వచ్చేవారు. నేలవాకుడు గింజలను నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో నోటిలోకి పట్టించి, కాసేపటికి నీళ్ల పళ్లెంలో సన్నని తెల్లని పురుగులను చూపేవారు. ఇంటిల్లిపాది చూసి నమ్మేవారు. అవి పురుగులు కావు. వేడికి గింజలు పగిలినప్పుడు లోపల వంకర తిరిగి ఉన్న తెల్లని మొలకలు బయటపడతాయి, అవే నీటిలో తేలుతాయి. ఐరోపా దేశాలలో కూడ ఖురాసానీవాము గింజలతో ఇదే తంతు శతాబ్దాలపాటు సాగినది. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్ పుచ్చిన పళ్లను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి వెదకి, తనకు పురుగేదీ కనిపించలేదని వ్రాసినాడు.

నిజమైన క్రిములు కంటికి కనబడేవి కావు. 1683లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హోక్ తన పళ్ల మీది పాచిని గీకి భూతద్దంలో చూసి, అందులో కదలాడే జీవులున్నవని లండను రాయల్ సొసైటీకి లేఖ వ్రాసినాడు. అవి పన్నును ఎట్లా తినివేస్తాయో మరి రెండు వందల ఏండ్లకు గాని తేలలేదు. 1890లో మిల్లర్ అనే పండితుడు, నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న పిండి, చక్కెరలను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లమే పంటి సున్నపు పదార్థాన్ని కరిగిస్తుందనీ నిరూపించినాడు. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే క్రిమిని 1924లో గుర్తించారు.

అంటే క్రిమి పన్నును కొరకదు. మనం పెట్టిన తీపి తిని పుల్లని ద్రవం విడుస్తుంది. కుండలో పాలు తోడుకొన్నట్లే పళ్ల సందులలో ఈ పని జరుగుతున్నది.

ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు అన్నది

తీపి నోట పడిన కొద్ది నిమిషాలలోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. అనే అంకె సుమారు 5.5 కంటె దిగితే పంటి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. తరువాత లాలాజలం ఆ ఆమ్లాన్ని నెమ్మదిగా కడిగి, కరిగిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పన్నుకు చేరుస్తుంది. దీనికి ఇరవై నిమిషాల నుండి గంట వరకు పడుతుంది. ఆలోగా మరొక చాక్లెట్టు, మరొక తీపి టీ పడితే మొదటి నష్టం పూడకముందే రెండవది ప్రారంభమైనట్లు.

స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే మానసిక చికిత్సాలయంలో 1945 నుండి కొన్నేండ్లు జరిగిన పరిశోధన ఈ విషయాన్ని తేల్చినది. తమ సమ్మతి చెప్పలేని రోగులకు మిఠాయిలు పెట్టి పళ్లు పాడుచేసిన ఆ పద్ధతి ధర్మసమ్మతం కాదు, నేడు ఏ వైద్యుడూ దానిని హర్షించడు. కాని 1954లో వెలువడిన ఫలితం మాత్రం మరువరానిది. భోజనంతో పాటు తిన్న చక్కెర వల్ల పళ్లకు కలిగిన చెరుపు స్వల్పం. భోజనాల మధ్య జిగురు మిఠాయిలు పలుమార్లు చప్పరించినవారి పళ్లు విపరీతంగా పుచ్చినవి.

మన శాస్త్రంలో అధ్యశనం అనే దోషం చెప్పబడి ఉన్నది. మొదట తిన్నది జీర్ణం కాకముందే మళ్లీ తినడం అధ్యశనం. ఆచార్యులు దానిని జఠరాగ్నిని దృష్టిలో పెట్టుకొని నిషేధించారు. అదే నియమం దంతాలను కూడ కాపాడుతుందని నా అభిప్రాయం. భోజనంలో మధురరసం మొదట, ఆమ్ల లవణాలు మధ్యన, కటు తిక్త కషాయాలు చివర అన్న క్రమంలో కూడ ఇదే మేలు ఉన్నది. తీపితో భోజనం ముగించి నిద్రకు పోవడం ఆ క్రమంలో లేదు.

గోదావరి మండలంలో ఉండి తీపి మానమని చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి ఈ కాలువల క్రింద వరితో పాటు చెరకు కూడ పండుతున్నది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు సైతం వచ్చినది. తాపేశ్వరం మడతకాజా, కాకినాడ కాజా, సంక్రాంతి అరిసెలు లేని గృహం ఏది? విస్తరిలో వడ్డించిన పూతరేకు భోజనంతో పాటు తిని, మజ్జిగన్నంతో ముగించి, నోరు పుక్కిలిస్తే దాని వల్ల పళ్లకు వచ్చే ముప్పు చాలా తక్కువ. ముప్పంతా అంగడి గల్లాపెట్టె వద్ద రోజంతా చప్పరించే బిళ్లలో, కార్యాలయంలో ఆరుసార్లు త్రాగే టీలో, పిల్లవాడి సంచిలోని క్రీము బిస్కెట్టులో ఉన్నది. మధుమేహం మాట వేరు, అది వారి వైద్యులు చెప్పవలసిన విషయం.

"మేము పంచదార వాడమండీ, అంతా బెల్లమే" అని గర్వంగా చెప్పేవారికి ఒక మాట. బెల్లంలో ఇనుము వంటివి కొద్దిగా ఉన్నా, అధికభాగం చక్కెరే. క్రిమికి రెండూ ఒకటే. పళ్లకు అతుక్కునే పాకం కనుక బెల్లపు జీడి ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

దంతధావనం: పుల్ల, పొడి, బ్రష్షు

చరకుడు రోజుకు రెండుమార్లు దంతధావనం చేయమన్నాడు. రెండవమారు అన్నది మనం వదిలివేశాము. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కనుక రాత్రి పడుకోబోయే ముందు తోమడం ఉదయం తోమడం కంటె ముఖ్యం. ఈ వ్యాసంలో ఒక్కమాటే గుర్తు పెట్టుకునేవారు దీనిని పెట్టుకొనవచ్చును.

పుల్ల పన్నెండు అంగుళుల పొడవు, చిటికెనవ్రేలి లావు, పచ్చిది, కణుపులు లేనిది కావలెను. చేదువాటిలో వేప, వగరువాటిలో చండ్ర, కారపువాటిలో కానుగ, తీపివాటిలో ఇప్ప శ్రేష్ఠమని సుశ్రుతుని నిర్ణయం. మన కాలువగట్ల మీద వేప, కానుగ, తుమ్మ చెట్లకు కొదవ లేదు. కొసను మెత్తగా నమలి కుంచె వలె చేసుకొని, ఒక్కొక్క పంటిని చిగురు నుండి కొస వైపుకు తోమవలెను. అడ్డంగా రంపం కోసినట్లు లాగకూడదు. అజీర్ణం, వాంతి, దగ్గు, ఆయాసం, జ్వరం, నోటిపూత, ముఖపక్షవాతం ఉన్నవారికి దంతకాష్ఠం నిషిద్ధం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చరకసంహితలో దంతకాష్ఠాలుగా కానుగతో పాటు గన్నేరు, జిల్లేడు పేర్లు కూడ ఉన్నవి. పుస్తకం తెరిచి చూసి పెరటి గన్నేరు పుల్ల విరిచి నమిలితే ప్రాణాపాయం. గన్నేరులో ప్రతి భాగమూ గుండెకు విషం. గురుముఖతః నేర్చినవారు అట్టి ద్రవ్యాలను ఎప్పుడు వదిలిపెట్టవలెనో కూడ నేర్చుకొంటారు. మా గురువుగారు ఆ శ్లోకం చెప్పిన రోజుననే మాకు కానుగ, తుమ్మ తప్ప మరొకటి ముట్టవద్దని ఆజ్ఞాపించినారు.

మిల్లుల దగ్గర ఊకబూడిద పుష్కలంగా దొరకడం వల్ల మన ప్రాంతంలో దానితో పళ్లు తోమే అలవాటు ఉండేది, కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్నది. ఊకబూడిదలో అధికభాగం సిలికా, అనగా ఇసుక జాతి పదార్థం. దానితోను, ఇటుకపొడితోను, బరక బొగ్గుతోను తోమితే పళ్లు తెల్లబడతాయి, నిజమే. మెరుగు వచ్చినది మురికి పోయినందువల్ల మాత్రమే కాదు, పై పొర అరిగినందువల్ల కూడ. చిగుళ్ల వద్ద పన్ను గాడి పడి, చల్లనీరు తాకితే జివ్వుమనే వృద్ధులను చూస్తే ఏ పొడితో తోమినారో అడగనవసరం లేదు. లంకపొగాకు కాల్చిన పొడితో తోమేవారిది మరింత ప్రమాదం. పళ్లపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించినది. తాంబూలంలో పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే నోటి కేన్సరుకు కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం నిర్ధారించినది.

చిగుళ్లు మెత్తబడి రక్తం చిందేవారు ఈ చూర్ణం ఇంట చేసుకొనవచ్చును. తుమ్మబెరడు నాలుగు తులాలు, గింజ తీసిన కరక్కాయ, తానికాయ, ఉసిరిక పెచ్చులు రెండేసి తులాలు, శొంఠి ఒక తులం, లవంగాలు, సైంధవలవణం అరేసి తులం. విడివిడిగా దంచి, పలుచని నూలుగుడ్డలో వస్త్రగాళితం పట్టవలెను. వ్రేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు. రాత్రి పళ్లు తోముకున్న తరువాత చిటికెడు తీసి వ్రేలితో చిగుళ్లకు మృదువుగా మర్దించి, కొంతసేపు ఉంచి పుక్కిలించవలెను. రెండు వారాలు గడిచినా రక్తం ఆగకుంటే గట్టిపడిన గార తీయించుకొనక తప్పదు. సుశ్రుతుడు దానికే దంతశర్కర అని పేరు పెట్టి, చిగురు దెబ్బతినకుండా శస్త్రంతో తీయమన్నాడు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది ఉత్త అపోహ.

నువ్వులనూనె గండూషం దవడలకు బలం, నోటికి మృదుత్వం ఇస్తుందని శాస్త్రవచనం. కదపడానికి వీలు లేనంత నిండుగా పట్టితే గండూషం, కదిపేంత పట్టితే కవళం. రెండు చెంచాల నూనెతో ఐదు నిమిషాలు కవళం చేసి ఉమ్మివేయడం పెద్దలకు మేలు. చిన్నపిల్లలకు వద్దు, పొలమారుతుంది. దీనినే సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసి, పళ్లు తోమడం మాన్పించేవారి మాట వినకండి.

ఇక ఫ్లోరైడు. ఆయుర్వేద పత్రికలో ఈ మాట వ్రాయడానికి నాకు సంకోచం లేదు. వేపపుల్ల పాచిని తీస్తుంది, చిగుళ్లకు బలమిస్తుంది, కాని కరిగిన ఎనామిల్‌ను తిరిగి గట్టిపరచే గుణం ఫ్లోరైడుకు రుజువైనట్లుగా దానికి రుజువు కాలేదు. ఫ్లోరైడు మితిమీరితే చెరుపే. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుండే దాని వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని వైద్యులు లోకానికి తెలియజేసినారు. నల్గొండ బాధ అందరికీ తెలిసినదే. త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. కాని మన డెల్టాలో చెరువులకు నింపి వాడుకునే గోదావరి కాలువనీటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువే. అందువల్ల ఇక్కడివారు ఫ్లోరైడు పేస్టుకు భయపడనక్కరలేదు. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్ల లోపు వారికి బఠాణీగింజంత చాలు. తోమిన తరువాత నురుగు ఉమ్మివేసి, చెంబుడు నీళ్లతో కడిగివేయకుండా ఉంటే మందు పంటి మీద నిలుస్తుంది. ఉదయం వేపపుల్ల, రాత్రి మెత్తని బ్రష్షు, పేస్టు. మా ఇంట జరిగే పద్ధతి ఇదే.

లవంగం చేసే పని, చేయని పని

లవంగనూనెలోని యూజినాల్ అనే ద్రవ్యం నాడిని మొద్దుబరుస్తుంది, క్రిములను కొంత అణచివేస్తుంది. దంతవైద్యులు కూడ తాత్కాలికంగా పన్ను పూడ్చే ముద్దలో దీనిని కలుపుతారు. చిన్న దూదిముక్కపై ఒక చుక్క వేసి, గుంటలో మాత్రమే ఉంచవలెను. సీసా వంచితే చిగురు, బుగ్గ కాలి పుండవుతుంది. ఆ రాత్రి గడవడానికి ఇది చక్కని మందు. ఏర్పడిన గుంటను పూడ్చగలిగిన మూలిక నాకు తెలిసి ఏ నిఘంటువులోనూ లేదు. జిల్లేడుపాలు, నల్లజీడినూనె పుచ్చులో వేసుకొని నోరంతా బొబ్బలతో వచ్చినవారిని ఎందరినో చూచినాను. ఆ పని ఎన్నడూ చేయకండి.

కదిలే క్రిమిదంతాన్ని పెరికివేసి ఆ గుంటను దహించమని సుశ్రుతుడే చెప్పినాడు. కదలని దానికి స్వేదం, రక్తమోక్షణం, లేపం, స్నేహగండూషం విధించినాడు. నేడు దంతవైద్యులు పన్నును పెరకకుండానే లోపలి చచ్చిన నాడిని తీసి, శుభ్రపరచి పూడ్చగలుగుతున్నారు. రాజమహేంద్రవరంలోను, భీమవరంలోను దంతవైద్య కళాశాలలు ఉన్నవి. వాటిని ఉపయోగించుకోవడం ఆయుర్వేదాన్ని విడిచిపెట్టడం కాదు.

పంటినొప్పితో పాటు జ్వరం, దవడ క్రింద గట్టి వాపు, నోరు తెరుచుకోకపోవడం, గుటక పడకపోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే కాపడాలు, లేపాలు కట్టిపెట్టి ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఆ చీము మెడలోకి దిగితే ప్రాణానికే ముప్పు. మధుమేహ రోగులలో ఇది త్వరగా ముదురుతుంది.

ఆరేండ్ల దంతం

ఈ మధ్య ఒక నాయనమ్మగారు ఏడేండ్ల మనుమరాలిని తీసుకొని వచ్చినారు. క్రింది దవడలో వెనుకపన్ను నల్లగా గుంటపడి ఉన్నది. దంతవైద్యునికి చూపమని చెప్పగా ఆమె, "పాలపన్నేగదండీ, ఎలాగూ ఊడిపోయేదేగా, ఆయ్" అన్నారు. అది పాలపన్ను కాదు. ఆరవ ఏట పాలపళ్లన్నిటికి వెనుకగా, ఏ పన్నూ ఊడకుండానే, చప్పుడు లేకుండా ఒక పెద్ద దంతం వస్తుంది. ముందు పన్ను ఊడి వచ్చినది కాదు కనుక ఇంట ఎవరూ దానిని గమనించరు. అది జీవితాంతం నమలవలసిన పన్ను. ఆ పాప పన్ను అదృష్టవశాత్తు నాడి చెడకముందే పూడ్చగలిగినారు.

పాలపళ్లు కూడ ఊడేవే అని వదిలివేయదగినవి కావు. అవి అకాలంలో పోతే పక్కపళ్లు ఒరిగి, రాబోయే పళ్లకు చోటు చాలదు. వాటి వేళ్ల క్రింద చీము పడితే అక్కడ తయారవుతున్న పన్ను మచ్చపడి పుడుతుంది. పాలసీసా నోట పెట్టి బిడ్డను నిద్రపుచ్చడం, పాలపీకకు తేనె అద్దడం, సీసాలో పంచదార నీళ్లు పోయడం పై వరుస ముందుపళ్లను ఏడాది తిరగకుండానే నల్లని మొదళ్లు చేస్తాయి. ఏడాది నిండని పసికందుకు తేనె అసలే తగదు. మొదటి పన్ను మొలిచిన నాటి నుండి తడిపిన మెత్తని గుడ్డతో తుడవడం ఆరంభించి, తరువాత చిన్న బ్రష్షుకు మారవలెను. ఏడెనిమిది ఏండ్లు వచ్చేవరకు పెద్దవారే తోమవలెను. పిల్లవాడు తనంతట తోముకున్నానని చెబితే నమ్మి ఊరుకోకూడదు, వెనుకపళ్ల దాకా వాడి చేయి తిరగదు.

పిల్లలకు ఆరేండ్లు నిండినప్పుడు నెలకొకసారి పగటి వెలుతురులో నోరు తెరిపించి, టార్చిలైటు వేసి చివరి పన్ను నమిలే భాగం చూడండి. సన్నని గాడులలో సుద్ద వంటి తెల్లమచ్చ గాని, గోధుమరంగు గీత గాని కనబడితే వ్యాధి మొదలైనదన్నమాట. ఆ దశలో నొప్పి ఉండదు, ఖర్చు కూడ తక్కువ. పన్ను ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే ఆ గాడులను మూసివేసే సన్నని పూతను దంతవైద్యులు వేస్తారు. సూది అక్కరలేదు, కోత లేదు, కొద్ది నిమిషాల పని.